నీళ్ల దాకా పోయే బండి

కొత్తమొగ,
4 ఆగస్టు 2025

మామకు, అత్తమ్మకు సుచిత్ర దండాలు.

ఇక్కడికి వచ్చి ఐదు రోజులైంది. మొన్న ఫోన్ చేస్తే అత్తమ్మ ఎత్తింది. మీకు ఇమ్మన్నాను. "గాయన ముట్టడు బిడ్డా, నీకు ఎరుకే గదా" అంది. ఎరుకే. ఫిబ్రవరిలో నరేశ్ పోయాడని చెప్పిన ఆ ఫోన్ తర్వాత మీరు ఏ ఫోనూ చెవికి పెట్టుకోలేదు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. మీకు చదువు వచ్చు, ఇంకొకరి నోట వినే అవసరం లేదు.

రూము రాజం గారి ఇంట్లో. సముద్రం ఒడ్డు పార్కు గేటు పక్కన ఆమెకు టిఫిన్ కొట్టు ఉంది. నరేశ్ జీపు నడిపిన రోజుల్లో అక్కడే తినేవాడట. నేను అతని భార్యనని ఆమెకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఈ పనిలో ఉండనివ్వరు.

పని గురించి అత్తమ్మ అడిగింది కదా. ఇసుక మీద జీపులు, మోటారు బండ్లు తిరగవచ్చా, తిరిగితే నీటికి ఎంత దూరంలో, ఏ నెలల్లో అని పార్కువాళ్లు కొత్త నియమాలు పెట్టబోతున్నారు. ముందు చూడవచ్చినవాళ్లను, చుట్టుపక్కల వ్యాపారస్తులను అడిగి రాయాలి. నా వంతుకు నాలుగు వందల మందిని అడగాలి. ట్యాబుల్లో ఇసుక పడి పాడయ్యాయని కాగితం ఫారాలే ఇచ్చారు. ముందు పది ప్రశ్నలు, వెనక నాలుగు. వెనక పేజీ తిప్పేసరికి జనం నీళ్లవైపు చూడటం మొదలుపెడతారు. "ఏదో ఒకటి రాసుకోండమ్మా" అని లేచిపోతారు. అప్పుడు మేమే వరసగా 'చెప్పలేను' దగ్గర టిక్కు పెట్టేస్తాం. అందరూ చేసేదే.

మా పై అధికారి విజయరాణి మేడం మొదటి రోజే చెప్పింది: "మీ అభిప్రాయం నోట్లోంచే కాదు, మొహంలోంచి కూడా బయటికి రాకూడదు."

ఒడ్డున పాతిన జెండాల్లో మూడో దాని దగ్గర, నరేశ్ పోయిన ఆ చోటు చూశాను మామా. గుర్తంటూ ఏమీ లేదు. నీళ్లే ఉన్నాయి.

మీ పుండు ఎలా ఉంది? ఎక్కువసేపు కూర్చోకండి.

సుచిత్ర


దౌల్తాబాద్,
13 ఆగస్టు

బిడ్డ సుచిత్రకు రాజమల్లయ్య రాసేది.

నీ కాగితం అందింది. రెండుసార్లు సదివిన. మీ అత్త ఐలవ్వకు గూడ సదివి చెప్పిన. రూముకు కిటికీ ఉన్నదా, తలుపుకు లోపట గడియ ఉన్నదా అని అడుగుమన్నది. రాయి.

ఈడ వానలు అంతంత మాత్రమే. సిద్దిపేట దవాఖానకు పోయొచ్చిన. పుండు ఎండుతున్నది అన్నరు. తాటిచెట్టు మీదికెళ్లి పడి తొమ్మిదేండ్లు అయితున్నది, ఇంక నడుము కింద నాది కాదు అని నాకు అలవాటైంది. డాక్టర్లకే అలవాటు కాలేదు. వచ్చినప్పుడల్ల కాలు గిచ్చి "తెలుస్తుందా" అంటరు.

నరేశు ఈతచెట్టును దుబ్బయ్య చూసుకుంటున్నడు. కార్తీకంల కల్లుకు గీత పెడతడట. వాడు మొట్టమొదలు ఎక్కింది ఆ చెట్టే. మొదటి కల్లు లొట్టి దించి నా ముంగట పెట్టిండు. నేను నేల మీద సాక పోసి, మన పెద్దల పేర్లు తలుసుకొని, మిగిలింది వాని దోసిట్ల పోసిన. మా కులంల గీత నేర్పినోడే సాక పొయ్యాలె. వాడు పడ్డ కాడ గా చెట్టు కల్లు నా చేతులతోని సాక పొయ్యాలని ఉన్నది. కాటికి నన్ను తీస్కపోలే. బాట మంచిగ లేదు, కుర్చీ పోదన్నరు. వాకిట్లనే సూసిన.

పోయే ముందు నెల ఫోన్ల అన్నడు. "బాపూ, నువ్వు రా. కుర్చీతోని సహ జీపుల పెట్టి నీళ్ల దాక తీస్కపోత. నీ కాళ్లు తడుస్తయి. నీకు తెల్వకపోతే నేను చెప్త, ఇగో తడిసినయి అని." నవ్విన.

రోడ్డు కాడికెళ్లి నీళ్ల దాక ఎంత దూరం ఉంటది? ఇసుక గట్టిదా, మెత్తదా? నా కుర్చీ చక్రాలు దిగబడుతయా? ఎరుక చేసుకొని రాయి.

ఉంట,
రాజమల్లయ్య


కొత్తమొగ,
25 ఆగస్టు

మామకు,

కిటికీ ఉంది. గడియ ఉంది. అత్తమ్మతో చెప్పండి.

మీరు అడిగారని నిన్న పొద్దున కొలిచాను. రోడ్డు చివర సిమెంటు దిమ్మ నుంచి నీళ్ల అంచు దాకా నాలుగు వందల పన్నెండు అడుగులు వేశాను. ఇసుక చాలా మెత్తన. నడిస్తేనే మడమ మునుగుతుంది. జీపుకు తప్ప దేనికీ లొంగదు. మీరు ఆ రోజు ఎలా జరిగిందో మనసులో చూసుకోవడానికి ఇవన్నీ అడుగుతున్నారని నాకు తెలుసు. అంతగా ఆలోచించకండి. దుబాయిలో నాలుగేళ్లు ఇసుక మీదే బండి నడిపినవాడు ఇక్కడి ఇసుకను నమ్మాడు. అక్కడ ఇసుక పొడిది. ఇక్కడ నీళ్లంచున కింద బురద. చక్రం కూరుకుపోయి అల తోస్తే బండి తిరగబడింది. ఎక్కినవాళ్లిద్దరూ బతికారు. అతను స్టీరింగు కింద ఉన్నాడు. అంతే జరిగింది.

సాక సంగతి. ఇంత దూరం మీరు కూర్చుని రాలేరు, పుండు మళ్లీ పగులుతుంది. కల్లు దించగానే కారు నడిపే మన శ్రావణ్‌తో ఎలాగైనా పంపండి. మీ పేరు చెప్పి నేను పోస్తాను.

నిన్న జీపుల యజమానిని అడిగాను. నరేశ్ పనిచేసింది ఇతని దగ్గరే. కుర్చీ వేయించి టీ ఇప్పించాడు. "రాసుకోండి మేడం," అన్నాడు. "ఒక డ్రైవరు తప్పు చేశాడని ఊరందరి నోటి దగ్గర కూడు తీసేస్తారా? తెలంగాణ నుంచి వచ్చినవాడు, సముద్రం తెలియదు. సముద్రానిదేం తప్పు, నా బండిదేం తప్పు?" చెప్పింది చెప్పినట్టు రాయాలి. రాశాను, నా దస్తూరీతో. 'డ్రైవరు తప్పు' అని. తర్వాత ఆయనకు థాంక్యూ కూడా చెప్పాలి, అది ఫారం చివర అచ్చు వేసి ఉంటుంది. చెప్పాను.

రాజం గారేమో, "బళ్లాగిపోతే జనం రారమ్మా, నా పెనం చల్లారిపోద్ది. కానీ ఆ కుర్రాడు గుర్తొస్తే బళ్లు ఉండాలని నోరు రాదు. ఏం రాస్తావో నువ్వే రాయి" అంది. 'చెప్పలేను' అని రాశాను. అది మాత్రం నిజం.

మామా, మనసులో ఉన్నది మీకే చెబుతున్నాను. ఈ బండ్లు ఆగిపోవాలి. అందుకే నేను ఇక్కడికి వచ్చింది. ఎలా ఉంటుందో చూస్తారని ఒక ఖాళీ ఫారం ఇందులో పెడుతున్నాను.

సుచిత్ర


దౌల్తాబాద్,
8 సెప్టెంబర్

బిడ్డా,

నువ్వు పంపిన ఫారం నింపి పంపుతున్న. మొదటి ప్రశ్న కాన్నే ఆగిన. 'ఈ తీరానికి ఎన్నిసార్లు వచ్చారు' అని ఉన్నది. సున్న పెట్టిన.

పెన్ను మధ్యల మధ్యల ఆగింది. ఐలవ్వ వచ్చి, "పదో తరగతి పరీక్ష రాస్తున్నవా ఏంది, మొఖం గట్ల పెట్టినవ్" అని నవ్వింది. నువ్వు పోయినంక ఆమె నవ్వుడు గదే.

మూడు రోజులు పట్టింది. ముందల, ఎనక అన్ని రాసిన. అన్ని సదువు.

రాజమల్లయ్య


కొత్తమొగ,
18 సెప్టెంబర్

మామా,

మీ ఫారం వచ్చింది. ఆరో ప్రశ్న: 'నీటి అంచు వరకు వాహనాలను అనుమతించాలా?' మీరు 'అనుమతించాలి' దగ్గర టిక్కు పెట్టారు. ఒకసారి పెట్టింది చాలదన్నట్టు రెండోసారి దిద్దారు.

ఇక్కడికి తిరగడానికి వచ్చినవాళ్లు ఆ టిక్కు పెడితే నాకేమీ అనిపించదు. రోజుకు ఇరవై మంది పెడతారు. పిల్లలను ఎత్తుకుని, ఐస్ తింటూ చెబుతారు. నేను తలూపి రాసుకుంటాను. కానీ మీరు ఎట్లా పెట్టారు? అతని ఒంటి మీద ఉన్న ఇసుక అత్తమ్మ కడిగింది. మీరు చూశారు. ఆస్పత్రి నుంచి అంబులెన్సులో పదకొండు గంటలు పక్కన కూర్చుని వచ్చాను నేను. ఇంకొకరి ఇంటికి అట్లాంటి బండి వెళ్లకూడదని కదా నేను ఇక్కడ తిరుగుతున్నది.

తర్వాత చదవలేకపోయాను. మడిచి పెట్టె అడుగున పెట్టేశాను. మీ ఫారం లెక్కలోకి రాదు, మామా. ఇక్కడికి వచ్చినవాళ్లదే లెక్క.

ఈ ఉత్తరం అత్తమ్మకు చదవకండి.

సుచిత్ర


దౌల్తాబాద్,
6 అక్టోబర్

సుచిత్రకు,

అందింది. ఐలవ్వ "ఏం రాసింది" అంటే మంచిగున్నదట అని చెప్పిన.

లెక్కల రాదన్నవు. రాకుంటే రాకపాయె.

పెత్రమాసకు, పెద్దలకు ఇచ్చినట్టే, నరేశు పేరు మీద బియ్యం ఇచ్చినం. అయ్యగారు పేరు అడిగితే చెప్పిన. "మీ తండ్రి పేరా?" అన్నడు. కొడుకు అన్న. ఐలవ్వ ఈసారి బతుకమ్మ పేర్చలే. పక్కింటి వినీత వచ్చి చెయ్యి వట్టి గుంజితే, వాకిట్ల నిలబడి సూసి లోపటికి వచ్చింది.

నా పుండు మానింది. కూసుంటున్న.

ఒక్కటి అడుగుత. గా బండ్లు బంద్ అయ్యేది ఎప్పుడు? తారీఖు ఎరుకైతే జల్ది రాయి.

రాజమల్లయ్య


కొత్తమొగ,
14 నవంబర్

మామకు, అత్తమ్మకు,

జవాబు ఆలస్యమైంది. లెక్కలు తీయడం, పట్టికలు రాయడం, ఆఫీసుకు తిరగడంతో నెల గడిచింది. మీ మీద కోపంతో ఆలస్యం చేశానని అనుకోకండి. మొదట్లో కొంత ఉంది. మీరు తారీఖు అడిగిన దగ్గర పోయింది. బండ్లు ఎప్పుడాగుతాయా అని మీరూ చూస్తున్నారని అర్థమైంది. అంత కటువుగా రాయాల్సింది కాదు.

మామా, ఆగిపోయాయి. నవంబర్ పదో తారీఖు నుంచి ఆరు నెలలు. నీళ్లలో పడ్డవాళ్లను తీసే సిబ్బంది బండి తప్ప ఏదీ ఇసుకలో దిగకూడదు. మినహాయింపులు లేవు. రోడ్డు చివర గేటు పెట్టారు, పక్కనే బోర్డు.

పదకొండో తారీఖు పొద్దున మూడో జెండా దాకా నడిచాను. చక్రం గుర్తు ఒక్కటి లేదు. పీతలు నడిచిన గీతలున్నాయి. ఫిబ్రవరి తర్వాత ఏడవకుండా వెనక్కి తిరిగి వచ్చింది ఆ రోజే.

రేపు నన్ను ఉత్తరాన ఇంకో తీరానికి పంపుతున్నారు. ఇవే ప్రశ్నలు, వేరే జనం. అడ్రసు వెనక రాశాను. దుబ్బయ్య గీత పెట్టాడా? పెడితే కల్లు ఇక్కడికి పంపకండి, నేను ఉండను.

మీ కోడలు
సుచిత్ర


దౌల్తాబాద్,
24 నవంబర్

బిడ్డ సుచిత్రకు,

పద్నాలుగున రాసిన నీ కాగితం పంతొమ్మిదిన అందింది. అప్పటికే నేను పోయి వచ్చిన. బోర్డు ఆడనే సదివిన.

చెప్పకుంట పోయినందుకు ఏమనకు. చెప్తె వద్దంటవని ఎరుకే. తారీఖు రాకముందే పోవాలని పదిహేడున శ్రావణ్ కారు మాట్లాడుకున్న. కుర్చీ మడిచి ఎనక పెట్టిన్రు. దుబ్బయ్య ఆ రోజుదే చెట్టు దించి ఇచ్చిండు. సీసా మూతకు సూదితోని బెజ్జం పెట్టిన, లేకుంటే పొంగి పగులుతది. సీసా ఒళ్లె పెట్టుకున్న. దారి పొడుగున బుస్సుబుస్సు అని సప్పుడు. ఐలవ్వ, "పసిపోరన్ని పట్టుకున్నట్టు పట్టుకున్నవ్" అన్నది.

పొద్దు వంగేసరికి చేరినం. గేటు కాడ కావలాయన ఆపిండు. శ్రావణ్ ఎంతో బతిలాడిండు. "ముసలాయన నడవలేడు, నీళ్ల దాక పోయి మళ్లుతం, పది నిమిషాలు" అన్నడు. కావలాయన మంచోడే. "నా చేతుల లేదండి, బోర్డు చూడండి" అన్నడు. చూసిన. 'సందర్శకుల, వ్యాపారుల అభిప్రాయ సేకరణ ప్రకారం' అని ఉన్నది. అభిప్రాయం ఎవలు అడిగిన్రు అంటే, సుచిత్ర మేడం అన్నడు. "ఆమె నా కోడలు" అన్న. ఆయన టోపీ తీసిండు. నాకు గర్వమే అనిపించింది బిడ్డా, అబద్ధమెందుకు.

నువ్వు మొన్ననే పోయినవన్నరు. నిన్ను సూస్త అనుకున్న.

నువ్వున్న ఇంటి రాజం కొట్టు మూసి వచ్చింది. ఎవలమో ఎరుకై ఐలవ్వను పట్టుకొని ఏడ్చింది. "మూడు నెలలు నా ఇంట్లో అన్నం తిని ఒక్క మాట చెప్పలేదు మీ కోడలు" అన్నది. కుర్చీని ఇసుకల దింపి సూసిన్రు. రెండు గజాలు పోయి కూసుంది. నలుగురు మత్స్యకారులు వచ్చి, ఎత్తుకపోతమన్నరు. నేనే వద్దన్న. తాటిచెట్టు కిందికెళ్లి నన్ను నలుగురు మోసిన్రు. నా కొడుకును నలుగురు మోసిన్రు, నేను ఎనక పోలే. వాని కాడికి ఇంకొకరి భుజాల మీద ఎట్ల పోను. వాడు బండ్ల తీస్కపోత అన్నడు.

ఐలవ్వకు సీసా ఇస్త అంటే పట్టలే. "నేర్పినోనివి నువ్వు, నాకెందుకిస్తవ్" అన్నది. ఉట్టి చేతులతోనే నడిచిపోయింది. పోంగ పోంగ చిన్నగ అయింది. నీళ్ల కాడ చానసేపు నిలబడ్డది. వచ్చినంక, ఏమున్నది అని అడిగిన. "ఏం లేదు. నీళ్లే" అన్నది.

సిమెంటు దిమ్మ మీద సాక పోసిన. ఇసుకలకు దిగలే. సిమెంటు మీదనే పారి, నురుగు తేలి, ఎండిపోయింది. సగం పోసి ఆపిన. మిగిలింది మళ్ల తీస్కొచ్చిన.

రాజమల్లయ్య


భీమిలి దారి,
4 డిసెంబర్

మామా,

మీ ఉత్తరం నాలుగు రోజుల కింద అందింది. జవాబు రాయడానికి చేతకాలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

గేటు దగ్గర మీకు దారి లేకుండా చేసింది బోర్డు కాదు. నేను.

ఫారంలో పద్నాలుగో ప్రశ్న, చివరిది, వెనక పేజీలో అడుగున ఉంటుంది: 'నడవలేనివారిని నీటి దాకా తీసుకెళ్లే ఒక బండికి మినహాయింపు ఉండాలా?' నాలుగు వందల ఫారాల్లో మూడు వందల అరవై రెండింట్లో 'చెప్పలేను' అని ఉంది. అది జనం చెప్పింది కాదు. ఆ ప్రశ్న నేను వాళ్లను అడగనే లేదు. వాళ్లు నీళ్లవైపు చూస్తుంటే టిక్కు పెట్టుకుంటూ పోయాను. విజయరాణి మేడంకు ఫోన్ చేసి, నడవలేనివాళ్లకు దారి ఎందుకు పెట్టలేదని అడిగాను. "కావాలని ఎవరూ అనలేదు కదా సుచిత్రా, నీ పట్టికలోనే ఉంది" అంది. నేను చేసింది చెప్పాను. ఆరు నెలల తర్వాత మళ్లీ చూస్తారట, అప్పటిదాకా ఏమీ కాదంది.

అప్పుడు పెట్టె తీశాను. మీ ఫారం అడుగున అలాగే ఉంది. ఆరో ప్రశ్న దాకా చదివి మడిచేశానని మీకు రాశాను కదా. ఈసారి వెనక్కి తిప్పాను.

పద్నాలుగో ప్రశ్నకు మీరు 'ఉండాలి' దగ్గర టిక్కు పెట్టారు. పక్కన జాగా చాలక అంచు వెంట రాశారు. 'మా నరేశు తీస్కపోత అన్నడు. ఎవలన్న ఒక్కసారి తీస్కపోతే సాలు. సాక పోసి వస్త. గంతే. అటెన్క బండ్లు బంద్ జెయ్యున్రి. ఇంకొకరి పిల్లలు పోవద్దు.'

'అన్ని సదువు' అని మీరు రాశారు. నేను చదవలేదు.

ఇంకేం రాయాలో నాకు తెలియడం లేదు. తప్పు నాది. క్షమించమని అడగడం కూడా ఫారం చివర థాంక్యూ చెప్పినట్టే ఉంటుంది, అందుకే అడగను.

సుచిత్ర


సిద్దిపేట దవాఖాన,
13 డిసెంబర్

బిడ్డా,

మంచం మీద పండి రాస్తున్న, అక్షరాలు పక్కకు పోతయి. గంత దూరం కూసున్నందుకు పుండు మళ్ల తెగింది. లోపటికి పోయిందట. చేర్చుకున్నరు. ఐలవ్వ ఈన్నే ఉన్నది. భయపడకు అని రాయమన్నది. ఆమెకు నీ కాగితం మొత్తం సదివి చెప్పిన. ఈసారి ఏం దాసలే. ఇని, "పిల్ల ఏం తింటున్నదో" అన్నది.

నువ్వు తిప్పకపోతివి, నిజమే. నేను గూడ నోటితోని అడగకపోతి. ఫారం ఎనక రాసిన. తీస్కపో బిడ్డా అని ఒక్క మాట కాగితంల రాస్తె అయిపోవు. కొడుకును అడిగినట్టు కోడలిని ఎట్ల అడుగుదు అనుకున్న.

బండ్లు బంద్ అయినయి, మంచిగైంది. గది నువ్వు చేసిన పని. గది తప్పు గాదు.

ఆరు నెలలు అన్నవు. డాక్టరును అడిగిన, ఆరు నెలలకు కూసుంటనా అని. ఆయన కాగితం సూసుకుంట, "ఇప్పుడే చెప్పలేం" అన్నడు.

సగం సీసా ఇంట్ల గూట్లె ఉన్నది. పులిసిపోయి ఉంటది. పారపొయ్యకున్రి అని దుబ్బయ్యకు చెప్పిన. నువ్వు వచ్చినప్పుడు నా చెయ్యి ముట్టించి తీస్కపో. పోసేటప్పుడు మన పెద్దల పేర్లు చెప్పాలె. ఎరుక లేకుంటే ఐలవ్వను అడుగు. వాని పేరు ఆఖర్న చెప్పు.

ఈ కాగితం అందిన దినం పొద్దుగూకంగ ఐలవ్వ నంబరుకు ఫోన్ చెయ్యి. నాకియ్యమని చెప్పిన. చెవికి పెట్టుకుంట. నేనేం మాట్లాడకపోయినా పెట్టెయ్యకు.

నీ మామ
రాజమల్లయ్య